చాటలో నక్షత్రాలు పోసిన గంగామణి మేడం

గంగామణి మేడం పోయారన్న వార్త నాకు బోధన్ బస్టాండులో తెలిసింది. నిజామాబాద్ బస్సు ఎక్కబోతుంటే ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "సాయన్నా, అత్త పోయింది" అన్నది, అంతే. నేను ఆ బస్సు ఎక్కలేదు. దాని వెనుక వచ్చిన బస్సూ ఎక్కలేదు. ఏ మనిషిని చూడడానికి బయలుదేరానో ఆ మనిషే లేనప్పుడు బస్సెక్కి చేసేదేముంది అనిపించింది. చెరుకు లారీలు ఒకదాని వెనుక ఒకటి ఫ్యాక్టరీ దిక్కు పోతుంటే బెంచీ మీద కూలబడి వాటినే చూస్తూ ఉండిపోయాను. ఆమెకు బాగాలేదని తెలుసు. డాక్టర్లు పెదవి విరిచిన సంగతీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె సిద్ధపడుతుందా? నాది పడలేదు.

నిజామాబాద్ డిగ్రీ కళాశాలలో ఎనభైల తొలినాళ్ళ నుంచి ఆమె గణాంకశాస్త్రం బోధించారు. జిల్లాలో బ్యాంకు ఉద్యోగాల్లో, బడుల్లో, ఆఫీసుల్లో ఉన్న ఎందరో ఆమె చేతి కింద అక్షరాలా రాటుదేలినవాళ్ళే. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండించే ఇంట పుట్టిన నేనూ వారిలో ఒకణ్ణి. తరువాత అదే కళాశాలలో ఆమె పక్క కుర్చీలో కూర్చునే భాగ్యం కూడా కలిగింది. ఆమె పాఠం చెప్పిన సంగతి అందరికీ తెలుసు. ఆమె చేసిన పని మాత్రం పట్టుమని పదిమందికి తెలియదు. అది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను, పూలదండ వేయడానికి కాదు. దండలంటే ఆమెకు గిట్టేది కాదు. నాకూ గిట్టదు.

ఆమె పని నక్షత్రాలతో. మన పాలపుంత చుట్టూ కొన్ని చిన్న గెలాక్సీలు తిరుగుతుంటాయి. వాటిని మరుగుజ్జు గెలాక్సీలంటారు. పాలపుంత మహాకాయం, దాని ఆకర్షణ అపారం. సముద్రంలో ఆటుపోట్లు తెచ్చే శక్తి ఎటువంటిదో అటువంటి శక్తే ఈ చిన్నవాటిని అటూ ఇటూ సాగదీస్తుంది. సాగదీత మితిమీరితే అంచుల్లోని నక్షత్రాలు ఊడిపోతాయి. యుగాలు గడిచాక ఆ చిన్న గెలాక్సీ ఉండదు. దాని నక్షత్రాలన్నీ పాలపుంత కడుపులో కలిసిపోతాయి. ధ్రువ నక్షత్రం ఉన్న దిక్కున అటువంటి మరుగుజ్జు ఒకటి ఉన్నది. అది నిలకడగా ఉన్నదా, అంచుల నుంచి చెదిరిపోతున్నదా అన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని గంగామణి మేడం సగం జీవితం గడిపారు. అక్కడి నుంచి ఇవాళ మనకు అందుతున్న వెలుతురు, భూమ్మీద మనిషి ఇంకా మనిషిగా కుదురుకోని కాలంలో బయలుదేరింది. క్లాసులో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే.

చెదరడమంటే ఏమిటని అడిగితే ఆమె మాకు జాతర చెప్పేవారు. "జాతరల అవ్వ, అయ్య, పిల్ల చేతులు పట్టుకొని నడుస్తరు. ముందున్నోళ్ళను గుంపు గుంజుకపోతది. ఎనుకున్నోళ్ళు ఎనుకనే పడతరు. నడిమిట్లోళ్ళు నడిమిట్లనే ఉంటరు. చేతులు జారినయంటె ఇగ ఎవరి దారి వాళ్ళది." గెలాక్సీలోనూ అంతే. పాలపుంతకు దగ్గరి అంచులో ఉన్న నక్షత్రాలు ముందుకు ఉరుకుతాయి, అవతలి అంచువి వెనుకబడతాయి. ఏ నక్షత్రం ఎంత వేగంతో మన వైపు వస్తున్నదో, ఎంత వేగంతో దూరమవుతున్నదో పెద్ద దుర్భిణులున్న దేశాలవాళ్ళు కొలిచి పట్టికలు అచ్చువేస్తారు. ఆ పట్టికలను ఆమె హైదరాబాదు గ్రంథాలయంలో కూర్చుని చేత్తో ఎత్తిరాసుకొని తెచ్చుకునేవారు.

చిక్కెక్కడంటే, అప్పట్లో కొలిచిన నక్షత్రాలు కొన్నే. ఒక అంచువి జోరుగా, ఇంకో అంచువి నెమ్మదిగా కనబడితే అది నిజమైన చెదురుబాటు కావచ్చు, ఉత్త కాకతాళీయమూ కావచ్చు. దాన్ని తేల్చడానికి గణాంకశాస్త్రంలో ఒక ఉపాయమున్నది. నక్షత్రాల చోట్లను కదిలించకు. వేగాలను మాత్రం కలగాపులగం చేసి మళ్ళీ వాటికే పంచు. ప్రతి పంపకంలోనూ రెండు అంచుల సగటు వేగాల మధ్య తేడా ఎంతో చూడు. "దేవుడు ఒక్కసారి పంచిండు. మనం మస్తుసార్లు పంచి సూద్దాం. మన పంపకంల గసొంటి తేడా ఎన్నడన్న ఒక్కసారి తప్ప రాకపోతె, అప్పుడు అనుమానపడుదాం" అనేవారు మేడం. ఇంత సూటిగా ఈ సంగతి చెప్పిన పుస్తకం నాకు ఇంతవరకూ దొరకలేదు.

నక్షత్రాల మేడం అన్న పేరు ఊరంతా పాకడంతో ఆమెకు ఒక తలనొప్పి వచ్చిపడింది. పిల్లల జాతకాలు పట్టుకొని జనం స్టాఫ్ రూముకే వచ్చేవారు. బాల్కొండ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, బిడ్డది మూలా నక్షత్రం, సంబంధం కుదురుతుందా అని దీనంగా అడిగాడు. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. కూర్చోబెట్టి చాయ్ తాగించి, తన చుక్కలు శాన దూరంవని, అవి ఎవరి లగ్గానికీ అడ్డం రావని, నిశ్చింతగా చేసుకొమ్మని పంపించారు. ఆ పెళ్ళి జరిగింది. ఆయన లడ్డూలు తెచ్చి ఇచ్చి, మేడం మంచి జ్యోతిష్కురాలని నలుగురికీ చెప్పుకుంటూ పోయాడు. మేము ఏడాది పొడుగునా ఆమెను ఆటపట్టించాము. నిజానికి ఆమె తలెత్తి ఆకాశం చూసిన సందర్భం నాకైతే గుర్తులేదు. మెడ నొస్తదయ్యా అనేవారు.

నేను చదువుకునే రోజుల్లో శాంపిలింగ్ పాఠానికి ఆమె మమ్మల్ని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ యార్డుకు తీసుకుపోయేవారు. వరుసగా నిలబడ్డ చెరుకు బండ్లలో ఒకదాన్ని చూపి, ఏదైనా ఒక గడ తియ్యమన్నారు నన్ను. తీశాను. నా చేతిలో ఉన్నది బండి మొత్తంలోకి బలమైన గడ. మళ్ళీ తియ్యమన్నారు. మళ్ళీ లావుదే వచ్చింది. నేను చూసి తీయలేదని వాదించాను. వాదించడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆమె గడ విరిచి నా చేతికిచ్చి, "నువ్వు అబద్ధం ఆడుతలేవు సాయిలూ. నీ చెయ్యి రైతు చెయ్యి. అది నిన్ను అడగదు" అన్నారు. యాదృచ్ఛికంగా తీయడమన్నది మనిషి చేతికి సహజంగా రాదని, దానికి ఏర్పాటు కావాలని ఆవేళే నాకు అర్థమైంది. ఆ చెరుకు మేమంతా బస్సులో నమిలాము.

తొంభైల నడుమ, నేను ఆమె పక్క కుర్చీలోకి వచ్చాక, ఆమె ఆ వేగాల పంపకం మొదలుపెట్టారు. కళాశాల కంప్యూటరు ప్రిన్సిపల్ గదిలో పట్టుబట్ట కప్పుకొని పూజలందుకునేది. దాన్ని ముట్టే అర్హత మాబోటివాళ్ళకు లేదు. కాబట్టి పాత లగ్నపత్రికలను చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో నక్షత్రం వేగం పెద్ద అంకెల్లో రాసి, ఇంటికి తీసుకుపోయారు. వాళ్ళ గల్లీలో ఇంటింటా బీడీలే. ఆమె తల్లి లస్మవ్వ, చుట్టుపక్కల ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట అరుగు మీద చాటలు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవారు. ఆ చాటల్లో తునికాకు, తంబాకు తీసి పక్కన పెట్టి, మేడం నక్షత్రాలు పోశారు. ఈ అంచుకు కొన్ని, ఆ అంచుకు కొన్ని, ఏవైనా సరే తియ్యిండ్రని చెప్పారు. వాళ్ళు తీస్తారు, మేము సగటు కడతాము, చీటీలన్నీ మళ్ళీ చాటలో కలుపుతారు, మళ్ళీ తీస్తారు. మెరుపు వేళ్ళు వాళ్ళవి. లెక్క కట్టలేక మేమే ఆయాసపడేవాళ్ళం. అనంతమైన ఆ శూన్యంలో వేలాడే ఒక జ్యోతిర్మండలం మా ఊరి గల్లీలో, తంబాకు వాసనలో, తల్లుల ఒళ్ళో మళ్ళీ మళ్ళీ కూడుతూ విడిపోతూ ఉండడం నా కళ్ళతో చూశాను. అంతటి దృశ్యం నేను మళ్ళీ చూడలేదు, చూడబోను.

ఫలితం దివ్యంగా వచ్చింది. ఎన్నిసార్లు పంచినా, ఆకాశంలో కనబడ్డ తేడాకు దరిదాపుల్లోకి కూడా మా చాటలు రాలేదు. అంటే ఆ గెలాక్సీ నిజంగానే చెదురుతున్నది. మేడం వ్యాసం రాసి హైదరాబాదులో జరిగే శాస్త్రజ్ఞుల సమావేశానికి పంపారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇక చూడాలి మా కళాశాల సంబరం. అంతదాకా ఆమె ఏం చేస్తున్నదో పట్టించుకోని ప్రిన్సిపల్ గారు శాలువా కొని తెప్పించారు. గల్లీలో ఆడవాళ్ళు మా చుక్కలు పట్నం పోతున్నయని చెప్పుకున్నారు. లస్మవ్వ ముఖంలో వెలుగు అంతా ఇంతా కాదు.

సమావేశం దగ్గరపడుతుండగా మేడం ముభావంగా మారారు. ఏమైందని అడిగితే గ్రాఫు కాగితం ముందు పెట్టారు. మా పంపకాల్లో వచ్చిన తేడాలన్నీ చుక్కలుగా పెడితే మధ్యలో గుట్ట లేచింది. సూత్రం ప్రకారం ఆ గుట్ట విశాలంగా ఉండాలి. ఇది సన్నగా, నిటారుగా నిలబడ్డది. "సాయిలూ, గింత మంచిగ రాదు. నిజంగ కలిస్తె గింత మంచిగ రానే రాదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. మంచిగా వస్తే కూడా ఏడుపేనా అనుకున్నాను, అనేశాను కూడా. ఆమె చీటీలు సర్దుకొని ఇంటికి నడిచారు. నేనూ సణుగుతూ వెంట నడిచాను.

ఆ మధ్యాహ్నం ఆమె తల్లి ఎదుట కూర్చుని, లెక్కలు మానేసి, తల్లి చేతులనే చూశారు. లస్మవ్వ గుప్పెడు చీటీలు తీసింది. వేళ్ళతో పరిచి చూసుకున్నది. రెండు వెనక్కి వేసి, ఇంకో రెండు తీసింది.

"అవ్వా, గవి ఎందుకు ఎనుకకు ఏసినవ్?"

"అన్నీ పెద్దయే వచ్చినయి బిడ్డా. రెండు చిన్నయి కలిపిన."

"ఎవరు కలుపుమన్నరు?"

"ఒకరు చెప్పాల్నా? బీడీ కట్టల అన్నీ ఒక్కతీరు సన్నయి పడితె కార్ఖానోడు కట్టకు కట్టనే పక్కకు పడేస్తడు. సన్నది, దొడ్డది కలిపి సమానంగ కట్టాలె. చిన్నప్పటి సంది గదే జేస్తున్న."

పక్కనున్న ఆడవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. అందరూ అదే చేస్తున్నారు. ఏ గుప్పెట్లోనూ జోరు నక్షత్రాలు ఒకచోట, నెమ్మది నక్షత్రాలు ఇంకోచోట పడనివ్వకుండా, ఏ కట్టకూ అన్యాయం జరగకుండా, ధర్మంగా పంచారు. అందుకే మా పంపకాల్లో పెద్ద తేడా ఎన్నడూ రాలేదు. అందుకే ఆకాశం మాకు అంత అద్భుతంగా కనబడింది. చెరుకు గడతో మాకు పాఠం చెప్పిన గురువు, సొంత తల్లి చేతిని మాత్రం అనుమానించలేదు. ఎవరు అనుమానిస్తారు?

మేడం చాటను తన ఒళ్ళోకి తీసుకొని, తప్పు నీది కాదవ్వా, ఏవైనా తియ్యుమన్నగాని ఏవైనా అంటె ఎట్లనో నేను చెప్పలే అన్నారు. మరునాటి నుంచి చీటీలు మూతి ఇరుకైన కుండలోకి పోయాయి. అంకె కంటికి కనబడకుండా తీయడం మొదలైంది. లస్మవ్వ మాత్రం కుండ దగ్గరికి రాలేదు. నా చేతిని నమ్మనోళ్ళకు నా చేతితో ఏం పని అని తలుపు వెనుకకు పోయింది. గుట్ట విశాలమవుతూ వచ్చింది. ఆకాశంలోని తేడా ఆ గుట్ట వాలు మీదికి చేరింది. ఉత్త కాకతాళీయంగా కూడా అటువంటిది తరచుగానే పడుతుందని తేలింది. మా ఆకాశం మామూలు ఆకాశమైపోయింది.

ప్రిన్సిపల్ గారు పిలిపించి, చాటలు కుండలు అక్కడ ఎవరికి తెలుస్తాయమ్మా, వ్యాసం ఉన్నదున్నట్టు చదివేయమని హితవు చెప్పారు. నేను కూడా లోలోపల అదే కోరుకున్నాను, దాచడమెందుకు. ఆమె హైదరాబాదు వెళ్ళి, మహామహులు కూర్చున్న సభలో, తన వ్యాసం తప్పని, ఆ తప్పు ఇట్లా జరిగిందని, ఉన్న నక్షత్రాలతో ఏమీ చెప్పలేమని, ఏ తడబాటూ లేకుండా చెప్పి దిగివచ్చారు. బీడీల మాట వచ్చినప్పుడు కొందరు నవ్వారు. నా నెత్తురు ఉడికిపోయింది. తిరుగు బస్సులో కామారెడ్డి దాటేదాకా నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె పల్లీలు వలుచుకుంటూ, "ఎందుకయ్యా మొగం గట్ల పెట్టినవ్? గా గెలాక్సి మన కోసం చెదరది, మన కోసం ఆగది. మనం తొందరపడితె దానికేం తొందర" అన్నారు. సత్యం ముందు అంత తేలికగా, అంత హాయిగా కూర్చున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. శాలువా ప్రిన్సిపల్ గారి బీరువాలోనే ఉండిపోయింది.

ఆమె హాయిగానే ఉన్నారు. హాయిగా లేనిది లస్మవ్వ. బిడ్డ పని తన చేతులతో చెడగొట్టానన్న దిగులు ఆ తల్లిని పట్టుకొని వదలలేదు. ఎంత నచ్చచెప్పినా వినేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా, నా బిడ్డ పట్నంల తలదించుకున్నది నా వల్లనే అని చెప్పుకునేది. మేడంకు బాధ ఉంటే అదొక్కటే. మా అవ్వకు ఒక జవాబు తెచ్చియ్యాలె సాయిలూ, అది ఏ జవాబైనా మంచిదే అని నాతో ఎన్నోసార్లు అన్నారు. అందుకే ఆ ప్రశ్నను ఆమె వదల్లేదు. కొత్త పట్టికల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

కొత్త శతాబ్దం వచ్చింది. కంప్యూటర్లు మా బల్లల మీదికి వచ్చాయి. పెద్ద దుర్భిణులవాళ్ళు మునుపటికి ఎన్నోరెట్ల నక్షత్రాలను కొలిచి కొత్త పట్టిక వేశారు. అప్పటికి మేడం మంచం పట్టారు. కళ్ళు మసకలు కమ్మాయి, చెయ్యి వణికేది. పంపకం కంప్యూటరు చేత నేను చేయించాను. ఫలితం చూసి పరుగున పోయి చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేశారు. "నువ్వు చెప్పకు. నాకు సూపియ్యి" అన్నారు. అసలు ఆకాశం బొమ్మ ఒకటి, కలగాపులగం చేసిన ఆకాశాల బొమ్మలు బోలెడు, వేగాలు రంగుల్లో తెలిసేట్టు ఒకే తీరుగా అచ్చుతీసి, ఏది ఏదో రాయకుండా తెమ్మన్నారు. ఏది ఏదో నాకూ తెలియకూడదన్నారు, నా ముఖం ఆమెకు చదవడం వచ్చునట. కంప్యూటరే కలిపి, జవాబును తనలో దాచుకునేట్టు ఏర్పాటు చేశాను.

కాగితాలు దుప్పటి మీద పరిచాను. ఆమె ఒక్కొక్కటి కళ్ళకు దగ్గరగా పట్టుకొని చూశారు. ఒక కాగితం మీద ఆమె వేలు ఆగింది. నేను పోయి యంత్రాన్ని అడిగాను. అదే. మళ్ళీ కలపమన్నారు, పాతది గుర్తుపట్టే వీలు లేకుండా అన్నిటినీ వేరే దిక్కుకు తిప్పి కొత్త బొమ్మలు తెమ్మన్నారు. మళ్ళీ అదే పట్టుకున్నారు. ఎన్నిసార్లు కలిపినా, ఆ వేలు కాకతాళీయాలన్నిటినీ దాటుకొని అసలు ఆకాశం మీదనే వాలింది. రెండు అంచులు రెండు దిక్కులకు జారిపోతున్న ఆ మరుగుజ్జు, ఇంత దూరాన, ఒక రోగిష్టి గదిలో, మసక కళ్ళకు కూడా కనబడింది. నేను చేతులు జోడించాను. ఎవరికి జోడించానో ఇప్పటికీ చెప్పలేను, ఆమెకో, ఆ చుక్కలకో.

ఆమె కాగితాలు కట్టగట్టి నా చేతికిచ్చారు. "అనుకోకుండ గిట్ల పడుడు శాన అరుదు. గంతే చెప్పు. అంతకు మించి ఒక్క మాట అనకు" అన్నారు. లస్మవ్వకు తనే చెప్తానన్నారు, కొంచెం బలం వచ్చినాక, కూర్చోబెట్టుకొని నిమ్మళంగా. ఆ బలం రాలేదు.

ఈ జిల్లా ఎందరో విద్వాంసులను కన్నది. కానీ తన గెలుపును తన చేతులతోనే తుడిచేసి, దుఃఖపడకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టగల ధీశాలి నాకు తెలిసి ఈ ఒక్కరే. ఆ స్థానం ఎవరూ పూరించలేరు. అది లాంఛనానికి అంటున్న మాట కాదు, పక్క కుర్చీని రోజూ చూస్తున్నవాడి మాట. అమ్మా, మీకు నా సాష్టాంగ ప్రణామం.

ఆ రోజు చివరికి బస్సెక్కి మేడం ఇంటికి చేరేసరికి, గడప పక్కన లస్మవ్వ కూర్చుని ఉన్నది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి చెయ్యి చాపింది. పక్కన కూర్చున్నాను. ఆమె అడిగింది ఒకటే.

"సాయిలూ, నా బిడ్డ చెప్పిన గా చుక్కల ముచ్చట నిజమేనా? నేను చెడగొట్టిన్నా?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. అనుకోకుండా అట్లా పడడం చాలా అరుదు అని, అంతవరకే చెప్పాలి. జీవితమంతా అదే నేర్చుకున్నాను.

"నిజమే అవ్వా. నీ బిడ్డ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నువ్వేం చెడగొట్టలే."

నూటికి నూరుపాళ్ళు అన్న మాటను మేడం ఎన్నడూ సహించలేదు. ఎవరి నోట విన్నా అక్కడికక్కడే ఆపి, దిద్ది, మళ్ళీ చెప్పించేవారు. అలవాటుకొద్దీ నేను లోపలి గది వైపు చూసి ఆగాను. లస్మవ్వ నా చెయ్యి పట్టుకొని కళ్ళు మూసుకున్నది. నన్ను దిద్దేవారు ఎవరూ లేరు.